ఉచితముగా ఇచ్చుట, ఉచితముగా అడుగుట

డిసెంబరు నెల సమీపించుసరికి మన గాయక బృందములకు తీరిక యుండదు. హైదరాబాదులోనైనను, చెన్నైలోనైనను, ఖరగ్‌పూరులోని తెలుగువారి మధ్యనైనను కనబడు దృశ్యమొక్కటే. బ్యాంకి గుమాస్తాలు, ఉపాధ్యాయినులు, నర్సులు, విద్యార్థులు పగటి పని ముగించుకొని సాయంకాలమున కూడి పాటలు అభ్యసింతురు. వీరిలో ఎవరికిని జీతము లేదు. సంగీతారాధన దినము నిశ్చయమైన తరువాత, ఫోటోలు కావలెనను మాట వచ్చును. అప్పుడు ఎవరో ఒకరు ఊరిలోని ఫోటోగ్రాఫరు నొద్దకు వెళ్లి, “అన్నా, మేమందరము ఊరకనే పాడుచున్నాము. మీరును ఊరకనే ఫోటోలు తీసిపెట్టండి” అని అడుగుదురు. ఆయన ఏమని ఉత్తరమియ్యవలెను? అట్లు అడుగుట న్యాయమేనా?

ఇది చిన్న ప్రశ్నవలె కనబడును. అయినను దానము అనగా ఏమి, కూలి అనగా ఏమి అను పెద్ద ప్రశ్న దీనిలో ఇమిడియున్నది.

ముందుగా అడుగువారి పక్షమును న్యాయముగా చెప్పుకొందము. బృందమునకు ధనము లేదు. చందాలతో వచ్చిన కొద్దిపాటి సొమ్ము ప్రయాణములకును, పుస్తకములకును సరిపోవును. పాట పాడిన క్షణముననే గాలిలో కలిసిపోవును. ఇరువది యేండ్ల తరువాత ఆ బృందమును చూపునది ఫోటో ఒక్కటే. అందరును తమ శక్తికొలది ఇచ్చుచున్నచోట ఒకడు మాత్రము బిల్లు వ్రాయుట బాగుండదని వారికి తోచును. ఈ మాటలో కొంత సత్యమున్నది.

అయితే ఆ ఒకడు ఇచ్చునదేమో లెక్కించితిమా? పూర్వము ఒక ఫిల్ము రోలులో 36 చిత్రములు మాత్రమే వచ్చెడివి. ఒక్కొక్క చిత్రమునకు ఫిల్ము ఖర్చు, కడుగుడు ఖర్చు, కాగితపు ఖర్చు కంటికి కనబడెడివి గనుక ఉచితముగా అడుగుటకు జనులు వెనుదీసెడివారు. నేడు డిజిటల్ కెమెరాలో ఫిల్ము లేదు గనుక ఖర్చును లేదని అనుకొనుచున్నారు. కాని ఆలయములోని మసక వెలుతురులో, పాటకు భంగము కలుగకుండ ఫ్లాష్ వెలిగించక తీయవలెనన్న మిక్కిలి ఖరీదైన లెన్సు కావలెను. కచ్చేరి రెండు గంటలలో ముగియును. వందల చిత్రములలో మంచివి ఏరి, రంగులు సరిచేయుటకు ఆ తరువాత ఎన్నో గంటలు పట్టును. మరియొక సంగతి: డిసెంబరు మధ్యనుండి సంక్రాంతి వరకు ధనుర్మాసము. ఆ దినములలో హిందువుల పెండ్లి ముహూర్తములుండవు గనుక పెండ్లి ఫోటోలపై బ్రదుకు స్టూడియోవానికి రాబడి తగ్గును. మనము అతనికి తీరిక కలదని తలంచు నెలయే అతని ఇంటిలో ఇబ్బంది కలుగు నెల కావచ్చును.

మరియు మనలను మనమే ప్రశ్నించుకొనవలెను. మైకుసెట్టు వానికి అద్దె ఇచ్చుచున్నాము. షామియానాకును, కుర్చీలకును ఇచ్చుచున్నాము. ఆహ్వానపత్రిక అచ్చువేసిన ప్రెస్సుకు ఇచ్చుచున్నాము. ఫోటోగ్రాఫరును మాత్రమే ఉచితముగా అడుగుటకు కారణమేమి? కుర్చీ బరువుగానున్నది, చిత్రము బరువులేనిది; అంతకు మించిన కారణమేదియు లేదు. బరువులేని పనికి వెలలేదనుకొనుట న్యాయము కాదు. పాట కూడ బరువులేనిదే గదా!

“మేము ఊరకనే పాడుచున్నాము” అను పోలికయు సరిగా నిలువదు. బ్యాంకి గుమాస్తా తన సాయంకాలమును ఇచ్చుచున్నాడు గాని తన గుమాస్తా పనిని ఇచ్చుటలేదు. మొదటి తారీఖున అతని జీతము అతనికి వచ్చును. పైగా పాడుటయందలి ఆనందము అతనికి అక్కడనే దొరకును. ఫోటోగ్రాఫరును తన వృత్తినే ఇమ్మని అడుగుచున్నాము. సమానమైన త్యాగమని పేరుపెట్టి అసమానమైన భారమును మోపుచున్నాము. “మీ పేరు పదిమందికి తెలియును” అను వాగ్దానము ఈ లోపమును పూరింపదు. పేరుతో బియ్యము కొనుట సాధ్యము కాదు.

ఉచితముగా పొందినవారు ఉచితముగా ఇయ్యవలెనని ప్రభువు తన శిష్యులకు చెప్పెను గదా అని కొందరు అందురు. మత్తయి సువార్త పదియవ అధ్యాయములోని ఆ ప్రసంగమును ఇంకొంచెము చదివినయెడల, పనివాడు తన ఆహారమునకు పాత్రుడని ఆయనయే చెప్పుట చూతుము. ఆ రెండు మాటలు ఒక్క నోటనుండి వచ్చినవే. కొరింథులో డేరాలు కుట్టి జీవనము చేసిన పౌలు, ఆ సంఘమునుండి జీవనము పుచ్చుకొనలేదు. అయినను కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయములో, మొదట తన హక్కును గట్టిగా స్థాపించి, ఆ తరువాతనే దానిని విడిచిపెట్టుచున్నాడు. ఈ వరుస గమనింపదగినది. ఉన్న హక్కును విడుచుట త్యాగము. హక్కే లేదని ఇతరులు నిర్ణయించి తీసికొనునది త్యాగము కాదు.

ఆలయ గాయకుల చరిత్రయు ఇట్లే బోధించును. దావీదు కాలమున సంగీతమునందు ప్రవీణులైన 288 మంది లెక్కింపబడిరి. వారి కంఠము దేవునికి అర్పితమైనను వారి భోజనమునకు జనుల దశమభాగము ఏర్పాటైయుండెను. నెహెమ్యా దినములలో ఆ భాగములు ఇయ్యబడకపోగా, లేవీయులును గాయకులును తమ తమ పొలములకు వెళ్లిపోయిరి. నెహెమ్యా పారిపోయినవారిని గద్దింపలేదు. ఇయ్యవలసిన అధికారులతో వాదించెను.

సంగీతలోకమున ప్రసిద్ధమైన మరియొక దృష్టాంతము కలదు. హాండెల్ రచించిన ‘మెస్సయ్య’ 1742 ఏప్రిల్ 13న డబ్లిన్ నగరములో మొదటిసారి పాడబడెను. ఆ రాబడి రుణగ్రస్తులైన ఖైదీలకును, రెండు ఆసుపత్రులకును పంచబడెను. తరువాత లండనులోని అనాథ శిశువుల ఆశ్రమము కొరకు 1750 మొదలుకొని అదే కృతిని హాండెల్ నడిపించెను. తన శ్రమకు ఏమియు పుచ్చుకొనలేదు. అయితే 1754 నాటి ఆశ్రమపు లెక్కలలో వాద్యకారులకును గాయకులకును చెల్లించిన మొత్తములు వ్రాయబడియున్నవి. కార్యము ధర్మకార్యమే. హాండెల్ తనదానిని తాను ఇచ్చెను. తాను ఇచ్చుచున్నాడు గనుక వయొలిను వాయించువాడును ఊరకనే వాయింపవలెనని ఆ లెక్కలు చెప్పుటలేదు.

అయితే ఫోటోగ్రాఫరు ఎన్నడును ఉచితముగా ఇయ్యకూడదా? అట్లు కాదు. తన హృదయములో నిశ్చయించుకొని, బలవంతము లేక ఇచ్చినయెడల అది పాటకు తీసిపోని అర్పణ. సంవత్సరమునకు ఒక కార్యక్రమమును అట్లు ఏర్పరచుకొనవచ్చును. ఇంటివారికి లోటు కలుగనంత మట్టుకు ఇయ్యవచ్చును. వృత్తిగా గాక ముచ్చటగా ఫోటోలు తీయు సహోదరుడు ఇచ్చునది గాయకుని కానుకవంటిదే; దానియందు దోషము లేదు. కాని అతనిని చూపి స్టూడియోవాని నోరు మూయించుట దోషము.

భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టము చెప్పునదియు తెలిసికొనుట మేలు. డబ్బిచ్చి కోరి తీయించుకొనిన ఫోటోకు, వేరు ఒడంబడిక లేనియెడల, తీయించుకొనినవారే మొదటి హక్కుదారులు. ప్రతిఫలము పుచ్చుకొనక స్వతంత్రముగా తీసినదానికి తీసినవాడే హక్కుదారుడు. అనగా ఉచితముగా పొందిన బృందమునకు చిత్రము చేతికి వచ్చినంత మాత్రమున దాని హక్కు రాలేదు. హక్కు బదిలీకి వ్రాతయు సంతకమును కావలెను. బదిలీ అయిన తరువాతను, చిత్రము తనదని చెప్పుకొను అధికారము తీసినవానికి మిగులును. గనుక పత్రికకా, గోడపత్రికకా, అమ్మబోవు పాటల సంపుటికా, దేనికి వాడుదురో ముందుగా వ్రాసికొనుట ఇరుపక్షములకు క్షేమము. చిత్రము క్రింద అతని పేరు వేయుట కనీస మర్యాద.

ఇచ్చువానికి ఒక సలహా. పూర్తి వెలతో బిల్లు వ్రాసి, దాని క్రింద “కానుక” అని వ్రాయుము. నీవు ఇచ్చినదేమో బృందమునకు తెలియును. తమ లెక్కలలో దానిని చందాగా చూపుకొనగలరు.

అడుగువారికి దావీదు చాలును. అరౌనా తన కళ్లమును, ఎడ్లను ఊరకనే ఇచ్చెదననగా, రాజు ఒప్పుకొనలేదు. తనకు ఖర్చు లేనిదానిని దేవునికి అర్పింపనని చెప్పి, 50 తులముల వెండి తూచి ఇచ్చెను. ఇచ్చుటకు అరౌనా సిద్ధముగానుండుట ఎంత గొప్పదో, వెల చెల్లించుటకు దావీదు పట్టుపట్టుట అంత గొప్పది. ప్రియ చదువరీ, మన బృందములలో ఇచ్చువారు అరౌనావలెను, అడుగువారు దావీదువలెను ఉండినయెడల ఈ వివాదమునకు చోటెక్కడ? చేతిలో ధనము లేనప్పుడు సయితము మొదట “మీ వెల ఎంత?” అని అడుగుదము. చెల్లింపలేనియెడల ఆ మాట దాచక చెప్పుదము. ఆయన “కాదు” అనినయెడల నొచ్చుకొనక నమస్కరించి వత్తము. “కాదు” అనుటకు చోటున్నప్పుడే “అవును” అను మాట కానుక యగును.