ప్రమాదం అంటే ఏమరుపాటే

వానాకాలం పంట ఒడిసినంక వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల పల్లెల నుంచి మనోళ్లు గుంపు మేస్త్రీల వెంట వలస పోతరు. పని కాడ పసిబిడ్డకు చెట్టుకొమ్మకు కట్టిన చీర తొట్టెలే దిక్కు.

తాడు తెగి బిడ్డ పడితే తప్పెవరిది? "పోయిన జన్మ కర్మ" అంటరు. ఆ కర్మను బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో తోసిపుచ్చారు. ధమ్మం కారణం వెతకమంటది. చీకిన తాడు, ఒరిసిపోయిన ముడి, ఎండిన కొమ్మ కంటికి కనిపించే కారణాలే.

బుద్ధుని చివరి ఉపదేశం అప్పమాదం. పాళీలో పమాదమంటే ఏమరుపాటు. మన 'ప్రమాదం' ఆ మాటే. అందుకే బయలెల్లకముందే తాడు పురి విప్పి చూడండి. చిరిగిన చీర మార్చండి. బిడ్డను వేసే ముందు గట్టిగా గుంజి చూడండి.

50 మందికి మించి ఆడకూలీలున్న చోట పిల్లలకు గది ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం అప్పట్లోనే చెప్పింది. ఆ గదిని అడగకపోవడం కూడా ఏమరుపాటే.

జై భీమ్! నమో బుద్ధాయ!