మేలు చేసినవాడి హక్కు: కెలంతాన్ మత్స్యకార గ్రామం పెరుపోక్‌లో ఋణం, కృతజ్ఞత (1939–1963)

చేసిన మేలుకు ప్రతిఫలం అడగకపోవడం ఉదారత అని నీతిచింతన సాధారణంగా అంగీకరిస్తుంది. అడగకుండా విడిచిపెట్టిన ఆ ప్రతిఫలం, మేలు పొందినవాడి మీద ఎంతకాలం, ఎంతమేరకు అధికారంగా నిలవవచ్చునన్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు. పత్రం రాసుకోకుండానే అప్పు పుట్టే చోట, కోర్టుకెక్కకుండానే తగవు తీరే చోట, అప్పిచ్చినవాడూ తీసుకున్నవాడూ రోజూ ఒకే ఒడ్డున ఎదురుపడే చోట ఇది పండితుల ప్రశ్న కాదు, బతుకు ప్రశ్న. మలయా ద్వీపకల్పపు ఈశాన్య తీరాన, కెలంతాన్ రాష్ట్రంలోని బచోక్ ప్రాంతంలో ఉన్న పెరుపోక్ అటువంటి చోటు. ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలో సుమారు పాతికేళ్ళలో ఆ గ్రామపు వేట పద్ధతిలో వచ్చిన మార్పును ఆధారం చేసుకొని, కృతజ్ఞత ఎప్పుడు ధర్మమవుతుంది, ఎప్పుడు బంధనమవుతుంది అన్న అంశాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ముందుగా ఒక మాటను గమనించాలి. మలయ్ భాషలో 'హుతాంగ్' అంటే అప్పు. 'బుది' సంస్కృతంలోని 'బుద్ధి'యే. తెలుగులో ఈ మాట తెలివినీ చెబుతుంది, 'మంచి బుద్ధి', 'పాడు బుద్ధి' అన్నప్పుడు స్వభావాన్నీ చెబుతుంది. మలయ్‌లో అది మరొక అడుగు ముందుకు వేసి సత్ప్రవర్తన, మర్యాద, ఉపకారం అనే అర్థాలను సంతరించుకుంది. 'హుతాంగ్ బుది' అంటే సొమ్ముతో తీరని మేలు ఋణం. లావాదేవీలకు సంబంధించిన మలయ్ పదజాలంలో ఇటువంటి బంధువులు తెలుగు పాఠకునికి చాలామంది కనిపిస్తారు. 'బహగి' భాగం, 'హర్గ' అర్ఘం, 'లబ' లాభం. పెట్టుబడిని చెప్పే 'మొదల్' తమిళ 'ముదల్' నుంచి వెళ్ళింది. 'మొదలుకే మోసం' అన్నప్పటి మన 'మొదలు'కు అది దగ్గరి చుట్టం. అన్నిటికంటె విచిత్రం 'సేవ'. అక్కడ దానికి అద్దె అని అర్థం. వడ్డీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం నిషేధాన్ని వెంటబెట్టుకొని వచ్చిన అరబ్బీ పదం 'రిబా' నిలిచింది. దాని పక్కనే, పువ్వు అని అర్థమిచ్చే 'బుంగ' కూడా వాడుకలో ఉంది. నిషిద్ధమైనదానికి పువ్వు పేరు పెట్టుకోవడంలో లోకజ్ఞత లేకపోలేదు.

భారతీయ సంప్రదాయంలోని ఋణత్రయ భావన కూడా తీరని ఋణాన్ని గురించినదే. దేవతలకూ ఋషులకూ పితరులకూ మనిషి పడిన ఋణం యజ్ఞంతో, అధ్యయనంతో, సంతానంతో తీరుతుందని శాస్త్రం. అయితే ఆ ఋణదాతల్లో ఎవరూ మరునాడు వచ్చి వాకిట నిలబడరు. పితృఋణం తీర్చమని అడిగే తండ్రి సాధారణంగా బ్రతికి ఉండడు. హుతాంగ్ బుదిలో ఋణదాత పొరుగువాడు. తన మేలును అతడు ఎన్నడూ నోరెత్తి గుర్తుచేయకపోవచ్చు. పడవ ఎక్కవలసిన రోజున కళ్ళెదుట కనిపిస్తాడు, అంతే. మార్సెల్ మౌస్ 1925 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో, స్వచ్ఛందంగా కనిపించే కానుక వెనుక బాధ్యత ఉంటుందని నిరూపించాడు. ఆ బాధ్యత న్యాయమైనదా కాదా అన్న తీర్పుకు మాత్రం ఆ నిరూపణ చాలదు. దానికి ఒక నిర్దిష్ట సమాజపు లెక్కలు కావాలి.

పెరుపోక్ విషయంలో ఆ లెక్కలు దొరకడం అదృష్టం. మానవశాస్త్రవేత్తలు రేమండ్ ఫర్త్, రోజ్‌మరీ ఫర్త్ దంపతులు 1939–40లో సుమారు ఏడాదిపాటు అక్కడ నివసించారు. మలయ్ రైతు కుటుంబాల గృహనిర్వహణపై రోజ్‌మరీ గ్రంథం 1943లోను, మలయ్ మత్స్యకారుల ఆర్థిక వ్యవస్థపై రేమండ్ గ్రంథం 1946లోను వెలువడ్డాయి. రేమండ్ 1947లో మళ్ళీ ఆ ఊరు వెళ్ళాడు. 1963లో ఇద్దరూ వెళ్ళారు. రెండు గ్రంథాలూ 1966లో పునర్ముద్రణ పొందాయి. వలస పాలన నీడలో సాగిన పరిశోధన కనుక దాని పరిమితులు దానికి ఉన్నాయి. అయినా పడవకు ఎంత, వలకు ఎంత, మనిషికి ఎంత అని ఓపికగా లెక్కపెట్టిన ఆ పని, మలయ్ రైతు సోమరి అన్న అధికారుల సులభ సూత్రాన్ని ప్రశ్నించడానికి గట్టి ఆధారమయ్యింది. సోమరి ఆసియావాసి అన్న ఆ కల్పననే 1977లో సయ్యద్ హుస్సేన్ అలతాస్ తన గ్రంథంలో సమగ్రంగా ఖండించాడు.

ఆ రోజుల్లో పెరుపోక్‌లో ప్రధానమైన వేట 'పుకాత్ తకుర్' అనే ఎత్తుడు వలతో సాగేది. ఒక వల చుట్టూ అయిదు పడవలు, ఇరవైకి పైగా మనుషులు కావాలి. కొబ్బరి మట్టలు కట్టి సముద్రంలో ముందుగా నిలిపిన ఎరగుర్తుల దగ్గరకు చేపలు చేరతాయి. వలకు పెద్ద 'జురుసెలామ్'. ఉత్తరాంధ్ర తీరంలోని తండేలుకు దగ్గరి మాట ఇది; కానీ 'సెలామ్' అంటే మునగడం. అతడు పడవ అంచు పట్టుకొని నీటిలోకి దిగి, తల ముంచి, చేపల సవ్వడి వింటాడు. ఏ చేప, ఎంత గుంపు, ఎటు కదులుతోంది అన్నది చెవితో నిర్ణయిస్తాడు. అతని మాట మీద వల దిగుతుంది. ఆ చెవే ఆ గుంపుకు అసలైన పెట్టుబడి. రాబడి పంపకం వారానికొకసారి, సముద్రానికి వెళ్ళని శుక్రవారం నాడు జరిగేది. వలకు, పడవలకు, మనుషులకు వేరువేరు వాటాలు. అందరి ఎదుటా సాగే ఆ పంపకంలో తగవులు లేకపోలేదు. రహస్యం మాత్రం తక్కువ.

నవంబరు నుంచి కొన్ని నెలలు ఈశాన్య ఋతుపవనం ఆ తీరాన్ని మూసివేస్తుంది. వరి పని, వల బాగుచేత, చిల్లర వర్తకం ఎంత ఉన్నా ఆ నెలల్లో చాలా ఇళ్ళలో చేతిలో డబ్బు ఆడదు. జురుసెలామ్ తన మనుషులకు అప్పు ఇచ్చేది అప్పుడే. దానికి వడ్డీ లేదు, గడువు లేదు. వాన వెలిసి పడవలు దిగేనాటికి ఆ మనుషులు తన వలకే రావాలన్నది చెప్పని షరతు. ఇది మేలా, కట్టడి వేతనమా?

వడ్డీ లేదన్న మాటను యథాతథంగా స్వీకరించడానికి వీల్లేదని ఆర్థికవేత్తలు అంటారు. ఉంగ్కు అజీజ్ 1950, 60 దశకాల్లో మలయా గ్రామీణ పేదరికానికి తక్కువ ఉత్పాదకతతో పాటు దోపిడీని, నిర్లక్ష్యాన్ని కారణాలుగా చూపాడు. కెడా ప్రాంతపు 'పాది కుంచ' పద్ధతిలో పంట చేతికి రాకముందే తక్కువ ధరకు వడ్లు అమ్ముకోవడం వల్ల వడ్డీ పేరు లేకుండానే వడ్డీ వసూలవుతుంది. 'జువల్ జంజి' మరొకటి. భూమిని అమ్మినట్లు రాసుకొని, గడువులోగా సొమ్ము చెల్లిస్తే తిరిగి ఇస్తానన్న మాట తీసుకుంటారు. ఆ లోపల ఫలసాయం అప్పిచ్చినవాడిది, గడువు దాటితే భూమీ అతనిదే. కెలంతాన్‌లో 1930 నాటి మలయ్ రిజర్వేషన్ చట్టం భూమి పరాయి జాతుల చేతికి పోకుండా ఆపింది. పొరుగున ఉన్న సంపన్న మలయ్ రైతు చేతికి పోవడాన్ని ఆపడం దాని పరిధిలో లేదు. పెరుపోక్‌లో చేపలు కొనే 'పెరాయిహ్' వర్తకులూ ఎక్కువగా మలయ్‌లే. దోపిడీని ఒక జాతి లక్షణంగా చెప్పే అలవాటు ఈ ఊరి దగ్గర నిలవలేదు.

అయితే పెరాయిహ్ కథలోనే రెండవ పార్శ్వమూ ఉంది. అతడు సముద్రంలోనే వలపెద్దతో ధర కుదుర్చుకొని చేపలను ఒడ్డుకు చేర్చేవాడు. సొమ్ము అమ్మకం అయ్యాక చెల్లించేవాడు. మార్కెట్టు పడిపోయినప్పుడు ఒప్పుకున్న ధరలో కొంత తగ్గించమని కోరేవాడు. వలపెద్దలు గొణుగుతూనే తగ్గించేవారు. ఒప్పందాన్ని అక్షరాలా పాటించడమే న్యాయమనుకుంటే ఇది మాట తప్పడం. నష్టాన్ని ఇరువురూ పంచుకోవడమే న్యాయమనుకుంటే, మాట తప్పడానికి అనుమతి ఇవ్వడమే ఇక్కడ ధర్మం. పెరుపోక్ జనం రెండవ దానివైపే మొగ్గారు, పూర్తి మనసుతో కాకపోయినా.

జురుసెలామ్ అప్పును కూడా ఈ వెలుగులోనే చూడాలి. అతని మనుషులు ఎక్కడికీ పోలేని బానిసలు కారు. చేపలు పడని వలను విడిచి మరొక వలకు వెళ్ళడం ఆ తీరంలో మామూలు. అప్పు ఉంటే తీర్చి వెళ్ళాలి, లేదా కొత్త వలపెద్ద దాన్ని తన మీద వేసుకోవాలి. ఇరవైమంది లేనిదే వల లేవదు కనుక జురుసెలామ్‌కు వాళ్ళ అవసరం ఎంతో ఉంది. అతడు పెట్టే అప్పులో దయ ఎంతో, భయమూ అంతే. వేట అచ్చిరాని వలపెద్ద మేలు ఎంత గొప్పదైనా అతని పడవలు ఖాళీ అయ్యేవి. అంటే ఇచ్చినవాడూ తీసుకున్నవాడి మీద ఆధారపడి ఉన్నాడు. ఆ ఆధారం ఉన్నంతవరకే హుతాంగ్ బుది ఒక ధర్మంగా నిలిచిందన్నది ఇక్కడి ప్రతిపాదన.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. పరస్పర అవసరమే కృతజ్ఞతకు న్యాయ్యత కల్పిస్తే, అది కృతజ్ఞత కాదు, బేరం. ఈ ఆక్షేపణను 'కెందురి' విందుల లెక్క కొంత సడలిస్తుంది. పెళ్ళికో, సున్తీకో ఇచ్చే ఆ విందుకు వచ్చినవారు సొమ్మో బియ్యమో తెచ్చేవారు. మన పెళ్ళిళ్ళలోని చదివింపులకు ఇది దగ్గరిది. ఎవరు ఎంత తెచ్చారో గుర్తుంచుకొని వారి విందుకు తిరిగి తీసుకువెళ్ళడం విధి. ఇంటి డబ్బు చాలావరకు స్త్రీల చేతిలో ఉండేది. వారే అంగళ్ళలో కూర్చొని వర్తకం కూడా చేసేవారు. కనుక ఈ లెక్కల జ్ఞాపకంలో వారికి తప్పక పాత్ర ఉంది. లెక్క ఇంత కచ్చితంగా ఉన్నా, విందు చేసుకున్న ఇంటికి మిగిలేది సొమ్ము మాత్రమే కాదు, నలుగురూ వచ్చారన్న తృప్తి కూడా. లెక్క ఉన్నంత మాత్రాన అనుబంధం అబద్ధం కానవసరం లేదు. మన 'ఋణానుబంధం' అన్న మాటలో రెండూ ఒకే సమాసంలో ఇమిడి ఉన్నాయి కదా.

1941 డిసెంబరు 8న జపాన్ సేనలు కోట బారు వద్ద దిగాయి. కెలంతాన్ 1943లో థాయిలాండ్ ఏలుబడికి అప్పగించబడి, యుద్ధానంతరం తిరిగి బ్రిటిష్ పాలనలోకి వచ్చింది. దిగుమతి బియ్యం మీద బతికిన మలయా అంతటా ఆ ఏళ్ళు ఆకలి ఏళ్ళే. కర్రపెండలం తిండిగా మారింది. ఆ తరువాత పదేళ్ళలో వచ్చిన మార్పు ఆక్రమణ అంత బీభత్సంగా కనిపించదు. వేట ధర్మాన్ని లోతుగా కదిలించింది మాత్రం అదే. పడవలకు యంత్రాలు వచ్చాయి. ఎత్తుడు వల వెనక్కు తగ్గి, చేపల గుంపును చుట్టి బిగించే పెద్ద వలలు ముందుకు వచ్చాయి. 1963లో ఫర్త్ దంపతులు చూసిన పెరుపోక్‌లో యంత్రం, పడవ, వల కొనగలవారు కొద్దిమందే. వారిలో సముద్రానికి వెళ్ళనివారూ ఉన్నారు. యజమానికీ కూలికీ మధ్య దూరం పెరిగింది. నీటిలో తల ముంచి వినే చెవికి మునుపటి విలువ లేదు.

అప్పు మాత్రం ఆగలేదు, మేలు అన్న మాటా మారలేదు. మారింది విడిచిపోగల అవకాశం. మొదటి స్థితిలో తీసుకున్నవాడు వెళ్ళిపోతే ఇచ్చినవాడి వల ఒడ్డునే ఉండిపోతుంది. రెండవ స్థితిలో యంత్రపు పడవ యజమానికి ఒకడు పోతే మరొకడు దొరుకుతాడు, కానీ పోయినవాడికి మరొక పడవ అంత సులభంగా దొరకదు. పాత మాటే ఇక్కడ కొత్త పని చేస్తుంది. కృతఘ్నుణ్ణి మలయ్‌లు తొక్కను మరచిన గింజ అంటారు. మనం తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు అంటాం. రెండు సామెతలనూ ఎక్కువగా పలికేది ఇల్లు గలవాడే. వాసాలు లెక్కపెట్టవలసిన అవసరం తిన్నవాడికి ఎందుకు వచ్చిందో సామెత అడగదు.

అంతమాత్రాన ఈ భాష పూర్తిగా బలవంతుని సొత్తనడం తొందరపాటు. 1978–80 మధ్య కెడాలోని ఒక వరి గ్రామాన్ని పరిశీలించిన జేమ్స్ స్కాట్, కోతయంత్రాల వల్ల పని కోల్పోయిన పేదలు ధనికులను పిసినారులనీ గర్విష్ఠులనీ చాటున నిందించడాన్ని నమోదు చేశాడు. ఇవ్వవలసినవాడు ఇవ్వలేదన్న నింద, పుచ్చుకున్నవాడు మరచాడన్న నింద ఒకే నీతి నుంచి పుడతాయి. తేడా ఏమిటంటే ధనికుని నింద వల్ల పేదవాడు పని కోల్పోతాడు; పేదవాడి నింద వల్ల ధనికుడు పేరు మాత్రమే కోల్పోతాడు. పేరుకు విలువ ఉన్నంతకాలం అదీ చిన్న నష్టం కాదు. ఓట్ల కోసమో కూలీల కోసమో పల్లె అవసరం తీరిపోయిన ధనికునికి ఆ విలువ ఎంత అన్నదే చిక్కు.

1950లో గ్రామీణ, పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పడటంతో ఈ కథలోకి మరొక దాత ప్రవేశించాడు. ప్రభుత్వం అప్పులిచ్చింది, రోడ్లు వేసింది. 1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యం వచ్చాక అధికార కూటమి ఆ పనులను ప్రజల ముందు పెట్టి ఓటు కోరింది. 1959 ఎన్నికల్లో కెలంతాన్ ఓటర్లు శాసనసభలోని 30 స్థానాల్లో 28 ప్రతిపక్ష ఇస్లామిక్ పార్టీకి ఇచ్చారు. ఆ ఫలితానికి మతం, భూమి, స్థానిక నాయకత్వం వంటి కారణాలు అనేకం. దాన్ని ఒక్క నైతిక సూత్రానికి కుదించడం తగదు. కానీ జురుసెలామ్ తన చేతి సొమ్ము ఇచ్చాడు, ఋతుపవనం దాటాక ఆ మనిషి రాకపోతే నష్టపోయేది తానే. పన్నుల సొమ్ముతో రోడ్డు వేసినవాడు ఎవరి సొమ్ము ఇచ్చాడు, ఓటరు రాకపోతే ఏ హక్కుతో గింజ తొక్కను మరచిందంటాడు?