చూడి ఆవు మేత

పాలివ్వని ఆవునకు మేత పెట్టుట ధర్మమా, పెట్టుబడియా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో తగులలేదు. ఒక పుష్యమాసపు ఉదయమున బడ్జ్ బడ్జ్‌లో ఎదురైనది. కలకత్తాకు దక్షిణమున, హుగ్లీ నది ఒడ్డున జనపనార మిల్లుల నడుమ నున్న ఈ ఊరు 1914లో కొమగాట మారు ప్రయాణికులపై జరిగిన కాల్పులవలన చరిత్రకెక్కినది. శ్రీకాకుళము, గంజాము సీమలనుండి పొట్ట చేత పట్టుకొని హుగ్లీ తీరపు మిల్లులకు వచ్చిన తెలుగువారిలో మా బంధువుల కుటుంబమొకటి ఇక్కడ స్థిరపడినది. వారిని చూడబోయితిని.

వారి ఇంటి వెనుక బీహారునుండి వచ్చిన ఒక పాలవాని పాక ఉన్నది. అందులో రెండు ఆవులు. పాలిచ్చుచున్న దాని ముందు తౌడును, ఆవనూనె తీసిన చెక్కయు కలిపిన కుడితి తొట్టి. రెండవది వట్టిపోయినది, ఏడు నెలల చూడిది. దాని ముందు వరిగడ్డి మాత్రమే. ఆమన్ పంట కోతలు ముగిసిన రోజులు గనుక గడ్డికి కొరత లేదు గాని, గట్లమీద పచ్చిక ఎండిపోయినది. ఈ భేదమునకు కారణమేమని హిందీలో అడిగితిని. “బాబూజీ, అది తన కుడితిని తానే సంపాదించుకొనుచున్నది. దీని వంతు ఈనిన తరువాత” అని అతడు నెమ్మదిగా చెప్పెను. ఆ మాటను క్రూరమనజాలను. ఇద్దరు పిల్లలను, రెండు పశువులను సాకు పేదవాని లెక్క అది.

కాని లెక్కగా చూచినను అది తప్పే. ఆవు సుమారు తొమ్మిది నెలల పది దినములు మోయును. దూడ బరువులో సగమునకు మించినది చివరి మూడు నెలలలోనే ఏర్పడును. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు పాళ్లు. చాలని దానిని తల్లి తన ఒంటినుండి తీసి బిడ్డకిచ్చును. అట్లు చిక్కిన ఆవునకు జున్నుపాలు తగ్గును. మరల ఎదకు వచ్చుట ఆలస్యమగును. అందుచేతనే చివరి రెండు నెలలు రోజుకు కిలో, కిలోన్నర దాణా అదనముగా పెట్టుమని పశువైద్యులు చెప్పుదురు.

ఈ లెక్కను మిక్కిలి శ్రద్ధగా పాటించువారిలో మాంసమునకై పశువులను పెంచువారు ముందుందురు. మన ఒంగోలు జాతి సముద్రము దాటి బ్రెజిల్‌లో నెల్లూరు పేరుమీద ‘నెలోర్’ అయి, ఆ దేశపు మాంసపు మందలకు మూలాధారమైనది. అచ్చట చలికాలమే అనావృష్టి కాలము. ఆగస్టునుండి అక్టోబరువరకు ఈను ఆవులకు చివరి నెలలు ఎండుగడ్డి రోజులలోనే గడచును గనుక మాంసకృత్తులు కలిపిన లవణపు దాణా అందింతురు. కెనడా మంచు మైదానములలో ఆవు వెన్నును, ప్రక్కటెముకలను చేతితో తడిమి, ఎంత చిక్కినదో అంకె వేసి, దానినిబట్టి మేత నిర్ణయింతురు. ఇంత ఆదరముతో పుట్టించిన దూడలలో అధికభాగము కత్తికే.

గోవును తల్లియనెడి మనకు ఇది సిగ్గు కలిగింపవలసిన పోలిక. అయినను వారిని దయామయులని పొగడుటకు నాకు నోరు రాదు. శరత్కాలమున ఆవులను పరీక్షింతురు. చూడి కట్టని దానికి చలికాలపు మేత దండుగయని పలువురు కబేళాకు అమ్మివేయుదురు. ఆదరము గర్భముతో మొదలై గర్భముతో ముగియును. కలకత్తా పాకలలోను వట్టిపోయిన ఆవును మేపుటకంటె కసాయికి అమ్ముటయే లాభమని ఎందరో ఎంచిరి. 1912లో గాంధీజీ పాలు మానుటకు, ఈ నగరపు పశువుల హింసలను వర్ణించుచు వచ్చిన పత్రములు ఒక కారణమని ఆయనయే ఆత్మకథలో చెప్పెను. కఠోపనిషత్తులో నచికేతుని కలతపెట్టినవి పాలుడిగిన ఆవులే. తనకు పనికిరాని వానిని తండ్రి దానమనుచుండగా బాలుడు ఊరకుండలేకపోయెను.

నాకు తోచినది ఇది. ఆవు అడవిలో ఉన్నయెడల తన ఆకలిని తానే చూచుకొనెడిది. గాటికి కట్టినది మనము. ఎప్పుడు చూడి కట్టవలెనో నిర్ణయించినదియు మనమే. పలుపు మెడలో పడిన నాడే మేత అప్పుగా మనమీద పడినది. ఆ అప్పు పాలను చూచి పుట్టలేదు. పాలు ఉడిగినంతమాత్రమున తీరదు. రేపటి కత్తి నేటి ఆకలిని రద్దు చేయజాలదు. కావున మాంసము తినువాడును, తిననివాడును ఈ ఒక్క విషయమున సమముగా ఋణస్థులు.

అనువాదకుడను గనుక మాటలమీద మనస్సు పోవును. స్త్రీని మనము గర్భిణి అందుము, ఆవును చూడి అందుము. హిందీవారు ఆవును ‘గాభిన్’ అందురు. అది గర్భిణీ శబ్దమే అరిగి అట్లైనది. ఒకే మాట మనిషికి నిండుగా నిలిచి, పశువునకు అరిగిపోయినది.

ఈ మాటలేవియు పాలవానితో అనలేదు. ఆ ఉదయము నేను త్రాగిన తేనీటిలోని పాలు ఆ పాకవే. చివరి రెండు నెలల దాణా సంగతి మాత్రము చెప్పితిని. అతడు విని, చెక్క ధర చెప్పెను. మేము మాటలాడుచుండగా చూడి ఆవు పలుపు సాగినంత మేర మెడ చాచి, ఖాళీయైన కుడితి తొట్టి అంచును నాకుచుండెను. అతడు చూచెను, అదలింపలేదు.