వాన కోసం బుట్టలో ఏం పోస్తున్నాం?

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. దాదాపు అప్పుడే మా కోయ గూడేల్లో విజ్జ పండుం వస్తుంది. తెలుగులో విత్తనాల పండుగ, కొన్నిచోట్ల భూమి పండుగ అంటారు. తరగతిలో సగం మంది ఉండరు. వచ్చిన వాళ్లలో ఒక పిల్లవాడు అడిగాడు: "సార్, వాన రుతుపవనాల వల్ల వస్తదని మీరే చెప్పారు కదా. మరి పండగ చేసి భూదేవిని అడగడం ఎందుకు?"

అది శాస్త్రం, ఇది ఆచారం, రెండూ ఉండాలి అని చెప్పి తప్పించుకున్నాం. అబద్ధం చెప్పలేదు గానీ నిజమూ చెప్పలేదు. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1 నాటికి కేరళను తాకుతాయని బోర్డు మీద రాసే చేతితోనే సాయంత్రం పూజారి ముందు విత్తనాలు పెడతాం. ఇది మోసమా? చదువుకున్న మనం దీనికి జవాబు వెతుక్కోవాలి.

పండుగలో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ప్రతి ఇంటి నుంచి పిడికెడో దోసెడో విత్తనం తెస్తారు. సామలు, జొన్నలు, కందులు, వడ్లు, ఎవరికి ఉన్నవి వాళ్లు. అన్నీ ఒక్కచోట కలిపి, కోడిని కోసి ఆ రక్తం చిలకరించి, పూజారి మళ్లీ ఇంటింటికీ పంచుతాడు. అది అయ్యేదాకా ఎవరూ విత్తకూడదు. మగవాళ్లు వేటకు పోతారు (1972 చట్టం వచ్చాక ఆ వేట చాలావరకు పేరుకే). ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి, పాట పాడి, వచ్చే పోయే వాళ్ల దగ్గర పైసలు అడుగుతారు. ఒకసారి మేము బస్సులో ఉండగా మా అక్కలే బస్సును ఆపారు. పక్క సీటాయన "అడుక్కోవడం" అన్నాడు. మేము నోరు మెదపలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

మాకు అర్థమైనంతలో ఈ పండుగ వానను రప్పించే యంత్రం కాదు. "అందరం కలిసి విత్తుదాం" అని ఊరు చేసుకునే ఒప్పందం. ఒక్కడే ముందు విత్తితే ఊరి పిట్టలన్నీ, మేకలన్నీ ఆ ఒక్క చేను మీదే పడతాయి. అందరూ ఒకేసారి విత్తితే నష్టం పంచుకున్నట్టు అవుతుంది. ఇంట్లో గింజ మిగలని ముసలమ్మకు కూడా పూజారి పంచేటప్పుడు విత్తనం దొరుకుతుంది, ఎవరినీ చేయి చాచి అడగకుండానే. ఇబ్బందీ లేకపోలేదు. పెద్దల మధ్య మాట కుదరక పండుగ ఆలస్యమై, మంచి పదును పోయిన ఏళ్లున్నాయి. ఆగలేక ముందే విత్తి దండుగ కట్టిన వాడు చెడ్డవాడని మేము అనలేం.

కాబట్టి నమ్మకం లేకుండా పండుగకు పోవడం మోసం కాదనే మా అభిప్రాయం. మోసం ఇంకోచోట జరుగుతోంది. ఇప్పుడు బుట్టలోకి గులాబీ రంగు మందు పూసిన విత్తనాలు కూడా వస్తున్నాయి. దుకాణంలో కొన్నవి. తినడానికి గానీ, పశువులకు, కోళ్లకు వేయడానికి గానీ పనికిరావని పొట్లం మీదే రాసి ఉంటుంది. వాటిలో హైబ్రిడ్ రకాలైతే, పండిన గింజను దాచి మరుసటి ఏడు వేస్తే అదే పంట రాదు. అంటే ఆ ముసలమ్మకు మనం ఇచ్చింది ఒక్క ఏటి గింజ. వచ్చే జూన్‌లో ఆమె మళ్లీ దుకాణానికే పోవాలి. పూజ మారలేదు, పాట మారలేదు, ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం లోపల ఖాళీ అయిపోయింది. అప్పు తెచ్చి పొట్లం కొన్న రైతును తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. ఇంట్లో సామలు పోయాక ఆయన ఏం తెస్తాడు?

ఆ పిల్లవాడికి రెండు రోజుల తర్వాత ఇదంతా మళ్లీ చెప్పాం. మీ ఇంట్లో దాచిన విత్తనం ఏముందో చూసి రమ్మన్నాం. వాళ్ల నానమ్మ సొరబుర్రలో అడుగున మిగిలిన సామలు గుడ్డలో కట్టి పంపింది. గట్టిగా దోసెడు కూడా లేవు. వాటిని పండుగ బుట్టలో వేయడానికి వాడు మధ్యాహ్నమే బడి నుంచి వెళ్లిపోయాడు, ఇంకో ఐదుగురిని వెంటేసుకుని. హాజరు పట్టీలో ఆ పూట వాళ్ల పేర్ల ఎదురుగా ఏం రాయాలో మేము ఇంకా తేల్చుకోలేదు.