వార్ధక్యమున దేహధర్మము

కొల్లేటి సీమలోని వృద్ధులనోట రెండు తీరుల మాటలు వినవచ్చుచుండును. “ఇంకెన్నాళ్లు బ్రదుకుదుము? తినగలిగినన్నాళ్లు తిననిండు” అని కొందరందురు. “నశించు దేహమునకు ఇంత పోషణమేల?” అని మరికొందరు ఉపవాసములను హెచ్చింతురు. ఇందు ధర్మమేది?

ఈ సీమ అన్నపుసీమ. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి జలములు కాలువలవెంట పారి డెల్టాను పచ్చని వరిచేలతో నింపినవి. నాగలి పట్టిన రైతు, ఊడ్పులూడ్చిన స్త్రీ, కొల్లేట దోనె నడిపిన వాడు కడుపునిండ తిన్నను అది చెమటయై కరగెడిది. నేడు దున్నుట ట్రాక్టరు వంతు, కోత యంత్రము వంతు. ఎన్నో పొలములు చేపల చెరువులైనవి. కౌలునకిచ్చిన వృద్ధుడు అరుగుపై కూర్చుండును. ఏలూరు, తాడేపల్లిగూడెముల ఇండ్లలోను ఇదే తీరు. శ్రమ తగ్గినది గాని కంచములోని తెల్లన్నము తగ్గలేదు. చక్కెరవ్యాధికి, రక్తపుపోటునకు, మోకాళ్ల నొప్పులకు ఇది దారి తీయుచున్నది.

అట్లని కృశించుటయు మేలు కాదు. చరకసంహిత సూత్రస్థానము 21వ అధ్యాయమున ఎనిమిది నిందిత దేహములను చెప్పి, అందు అతిస్థూలుని, అతికృశుని విశేషముగా పేర్కొన్నది. నేటి వైద్యులు కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు యొక్క వర్గముచే భాగించి, ఫలము 23కు చేరిన భారతీయులు జాగ్రత్త పడవలెనందురు. 160 సెంటీమీటర్ల ఎత్తు గలవారికి అది సుమారు 59 కిలోలు. కాని వృద్ధులకు ఈ లెక్క ఒక్కటే చాలదు. వయసుతో కండ తరుగును. ఆ చోట క్రొవ్వు చేరినచో త్రాసు కదలకయే బలము పోవును. కఠినోపవాసముచే కండ మరింత క్షీణించును. చక్కెరవ్యాధికి మందు పుచ్చుకొనువారు వైద్యుని అడుగక ఉపవసించుట ప్రాణాపాయము. కోరకయే బరువు తగ్గుచున్నచో అది వ్యాధిసూచన కావచ్చును.

పై రెండు మాటలలోని దోషమొక్కటే: దేహము తన సొంత సొత్తని తలచుట. దేహము న్యాసము, అనగా పరులు దాచుమని అప్పగించిన ధనము. దానిని దుబారా చేయరాదు, చెదలు పట్టనీయరాదు. దేహపోషణ దేహాభిమానము కాదా యందురేమో! అందమునకై చేసినది అభిమానము. తన పనులు తాను చేసికొనుటకు, కోడలికో కూతురికో భారము కాకుండుటకు చేసినది ధర్మము.

కావున అన్నము కొంత తగ్గించి పప్పు, ఆకుకూర, మజ్జిగ హెచ్చింపవలెను. శక్తి గలవారు వారమునకు 150 నిమిషములు నడువవలెను. కాలువగట్టున నడచినను, ఆలయప్రదక్షిణమొనర్చినను మంచిదే. అది చేతకానివారు కుర్చీనుండి చేయూత లేక లేచి కూర్చుండుట అభ్యసింపవలెను.

ఒక్క మాట మరువరాదు. ఎంత నియమమున్నను వ్యాధి రావచ్చును. మంచము పట్టిన వృద్ధుని “నీ తిండియే ఇంత చేసినది” అని నిందించుట పాపము. న్యాసమును కాచుట వృద్ధుని ధర్మము. కాచువాని చేయి వణకినపుడు పట్టుకొనుట బిడ్డల ధర్మము.