మృత్యుదూతలు

మరణకాలమున పాశహస్తులై యమదూతలు వత్తురని బాల్యమునుండి వినుచున్నాము. ఆ మాట తలచినంతనే గుండె ఝల్లుమనును. ఆ భయము మనకేమి బోధించుచున్నదో విచారింపవలెను.

మన గోదావరిలో సంగమించు ఇంద్రావతి బస్తరు సీమగుండ ప్రవహించుచున్నది. ఆ సీమలో, దంతెవాడ ప్రాంతమున, మాడియా గోండులు తమ మృతులకై నిలిపిన శిలలును, కొయ్యస్తంభములును త్రోవల ప్రక్కన కాననగును. కొన్ని స్తంభములపై వేట, నృత్యము, పశువులు మున్నగు జీవితదృశ్యములు చెక్కబడియుండును. మృతుడు తమకు పూర్తిగా దూరమయ్యెనని వారు తలపరు. పితరులలో చేర్చి గౌరవింతురు.

ఆ స్తంభమును చెక్కువారు బ్రదికియున్న బంధువులు. మరియొక స్తంభము కలదు. దానిని ప్రతివాడును తన కర్మలతో, తలపులతో తానే చెక్కుకొనుచుండును. చిత్రగుప్తుని లెక్క యనగా ఇదియే. వేదాంతులు దీనినే సంస్కారమందురు. దేహము పడిపోయినను సూక్ష్మశరీరముతో అది వెంటవచ్చును. ఛాందోగ్యోపనిషత్తు చెప్పిన దేవయాన పితృయానములు గాని, గరుడపురాణము వర్ణించిన వైతరణి గాని మనకు తెలుపునది ఒక్కటే: జీవుని త్రోవను జీవుడే నిర్మించుకొనుచున్నాడు.

“అట్లయిన అజామిళుని మాట యేమి?” అని మీరడుగవచ్చును. ఎనుబదియెనిమిదేండ్ల ఆ వృద్ధుడు ముగ్గురు యమదూతలను గాంచి భీతుడై, “నారాయణా!” యని కడగొట్టు కుమారుని పిలిచెను. విష్ణుదూతలు వచ్చి పాశమును త్రెంచిరి. పలువురు కథను ఇంతటితో ముగించి, “కడపట ఒక్క నామము చాలును, ఇప్పటికి తొందరయేల?” యని ఊరడిల్లుదురు. భాగవతమున కథ ముగియలేదు. అజామిళుడు నాడు మరణింపలేదు. పశ్చాత్తాపముతో ఇల్లు విడిచి, గంగాద్వారమున యోగసాధన చేసి, పిమ్మటనే దేహము చాలించెను. నామము పాపమును హరించినది, జీవితమునుగూడ మార్చినది.

అతడు మోహముతో బిడ్డను నారాయణా యని పిలిచెను. జ్ఞానముతో ప్రతిబిడ్డను నారాయణుడని సేవింపరాదా? బస్తరులోని నారాయణపూర్‌లో 1985లో వెలసిన రామకృష్ణ మిషన్ ఆశ్రమము అబూజ్‌మాడ్ గిరిజనులకు విద్యావైద్యముల నందించుచు ఈ సాధననే సాగించుచున్నది.

సోదరులారా! దూతలు వచ్చు దినము మనకు తెలియదు. ఉలి మాత్రము నేడు మన చేతనే యున్నది. ఆకలిగొన్నవానికి పెట్టిన పిడికెడన్నము, భక్తితో పలికిన ఒక్క నామము దానిపై నిలుచును. అట్టి స్తంభమును చెక్కుకొన్నవానికి మృత్యువు భయదూత గాక, ఇంటికి పిలువవచ్చిన ఆప్తబంధువగును.