వెలయు విలువయు

“మాస్టారూ, దీని వెల యెంత యుండును?” అని నా పూర్వవిద్యార్థి యొకడు, అమెరికానుండి తెచ్చిన పాత గ్రామఫోను రికార్డును మొన్న నాచేత బెట్టెను. పండ్రెండంగుళముల నల్లని బిళ్ల. నడుమ కాగితముపై ‘వి డిస్క్’ అని యున్నది. దాని క్రింద ఫ్యాట్స్ వాలర్ అను పేరు. నేను వర్తకుడను గాను. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. వెల కట్టుటయు విలువ నెరుగుటయు నొక్కటియేనా?

ఈ రికార్డుల పుట్టుక విచిత్రమైనది. రికార్డులవలన తమ జీవనము పోవుచున్నదని 1942 ఆగస్టున అమెరికా వాద్యకారుల సంఘము వానికై వాయించుట మానెను. అది రెండవ ప్రపంచయుద్ధకాలము. దూరదేశములనున్న సైనికులకు పాటలు పంపవలయునని సైన్యము కోరగా, సంఘము 1943లో షరతులపై నొప్పుకొనెను: వీని నమ్మరాదు, పని తీరిన పిమ్మట మూలముద్రలను నాశనము చేయవలయును. కళాకారులు ప్రతిఫలము గొనక పాడిరి. పలువురు పాటకు ముందు సైనికులను పలుకరించి రెండు మంచిమాటలు చెప్పిరి. అంతకుముందు రికార్డులకు ముఖ్యద్రవ్యము మనదేశమునుండి పోవు లక్క. యుద్ధమున అది కరవయ్యెను. పైగా ప్రయాణమున పగులును. అందుచే వీనికి పగులని వినైలును వాడిరి. 1949లో ఈ యేర్పాటు ముగిసెను. మూలముద్రలు నాశనమయ్యెను, సైనికులు దాచుకొన్న ప్రతులను సహితము అధికారులు కొన్నింటిని లాగుకొనిరి.

నేడు వెల కట్టువాడు గీతలు చూచును, సంఖ్య చూచును, పాడినవాని పేరు చూచును. అన్నిటికంటె నరుదుదనమును చూచును. ఆ యరుదుదనము ఎట్లు వచ్చినది? అమ్మబోమని యిచ్చిన మాటను నిలుపుకొనుటవలన! అమ్మరాని దగుటయే నేడు దాని వెలను పెంచినది.

మరి ప్రతిని దాచుకొన్న సైనికుడు దోషియా? మాట తప్పిన ప్రతివాడును తనకొక మినహాయింపు వెదకికొనును. కావున తొందరపడి క్షమింపరాదు. అయినను ఆ షరతు దేనికొరకు పుట్టినదో చూడుడు. ఉచితముగ నిచ్చినది అంగడికెక్కి, ఇచ్చినవాని కూటికే యెసరు పెట్టకుండుటకు. ఇంట గూర్చుండి విన్నవాడు ఎవని కూడును తీయలేదు. ఆనాడే చాటుగ నమ్ముకొన్నవాడు తీసెను. ఆజ్ఞ యిద్దరిని నొక్కటిగ జూచినను, ధర్మము అట్లు చూడజాలదు.

వాలర్ నల్లజాతి కళాకారుడు. 1943 సెప్టెంబరున ఈ రికార్డులకై వాయించి, ఆ డిసెంబరుననే కన్నుమూసెను. అతని పాట తెల్లసైనికులకును నల్లసైనికులకును సమముగ వినబడెను. కాని ఆ సైన్యమున నల్లవారి దళములు వేరు. ఆ వేర్పాటును తొలగింప అధ్యక్షుడు ట్రూమన్ ఆజ్ఞ యిచ్చినది 1948లో. పాటను లోపలికి బిలిచి పాటగానిని వెలుపల నిలుపుట మనకును క్రొత్త గాదు. నాదస్వరము లేనిదే పెండ్లి కాదన్నవారిలో, వాయించినవానికి తమ పంక్తిని విస్తరి వేసిన వారెందరు?

సంస్కృతమున ‘అర్ఘ’ శబ్దమునకు వెల యనియు, పూజ యనియు రెండర్థములు గలవు. మనము మొదటిదానినే నేర్చి రెండవదానిని మరచితిమి.

శిష్యునితో నిట్లంటిని: “నాయనా, వెల తెలిసికొనుము, తప్పులేదు. కాని ముందు దానిని వినుము. పాత గ్రామఫోను బరువుముల్లు వినైలు గాడులను గీరివేయును. తేలికముల్లు గల యంత్రముపై బెట్టుము. విన్న పిమ్మట దాని కథను ఒక కాగితమున వ్రాసి సంచిలో నుంచుము. ఎన్నడైన నమ్మవలసివచ్చినచో, కొనినవానికి ఆ కాగితముకూడ చేరవలయును.”